దవాఖాన పేరే పట్టా

హైదరాబాద్ పాతబస్తీలో డాక్టరును డిగ్రీ ఏమిటని అడగరు, ఏ దవాఖానలో పనిచేసిండని అడుగుతారు. నేను పుట్టి పెరిగిన లాల్‌దర్వాజాలో, పక్కనున్న గౌలిపురాలో, అలియాబాద్‌లో పెద్దవాళ్ల లెక్క ఇప్పటికీ ఇదే. "గాయిన ఉస్మానియాల చేసిండు బిడ్డా, చెయ్యి మంచిది" అని గల్లీలో ఒక పెద్దమ్మ అన్నదంటే ఆ డాక్టరుకు ఇంకే సర్టిఫికెట్ అక్కర్లేదు. చదువు రానివాళ్లు కాబట్టి అలా అంటారనుకునేవాళ్లున్నారు. అది నిజం కాదు. ఈ ఊళ్లో వైద్యుడి అర్హత నాలుగు వందల ఏళ్లుగా దవాఖాన గోడల మధ్యనే తయారైంది. కాగితం చాలాసార్లు వెనక నుంచి వచ్చి చేరింది. ఎమర్జెన్సీ డాక్టరుగా బతుకుతున్నవాణ్ని కనుక ఈ చరిత్ర నాకు పుస్తకంలో విషయం కాదు. నా పేరు వెనక ఉన్న అక్షరాలు ఎక్కణ్నుంచి వచ్చాయో తెలుసుకోవాలంటే ఈ గల్లీల నుంచే మొదలుపెట్టాలి.

చార్మినార్ లేచిన నాలుగేళ్లకు, 1595లో, మహమ్మద్ కులీ కుతుబ్‌షా దారుల్‌షిఫా కట్టించాడు. రెండంతస్తుల కట్టడం, మధ్యలో విశాలమైన ముంగిలి, చుట్టూ గదులు. రోగులు ఉండేదీ, హకీములు శిష్యులకు యునానీ చెప్పేదీ అక్కడే. నేర్చుకునే చోటు, వైద్యం చేసే చోటు వేరువేరు కాదు. ఏ గురువు దగ్గర, ఏ మంచం పక్కన నిలబడి నేర్చుకున్నాడన్నదే హకీముకు గుర్తింపు. ఆ వైద్యశాల ఎప్పుడో మూతపడింది, పేరు మాత్రం పేటకు మిగిలింది. పురానీ హవేలీ వైపు వెళ్లే ఆటోలో రోజూ ఎంతోమంది "దారుల్‌షిఫా కాడ ఆపు" అంటారు. స్వస్థతనిచ్చే ఇల్లు అని ఆ పేరుకు అర్థం.

ఇంగ్లీషు వైద్యం ఈ ఊరికి రాజుగారి జబ్బుతో వచ్చిందని చెబుతారు. నాలుగో నిజాం నాసిరుద్దౌలా జబ్బుపడితే, లోపలికి మందు పుచ్చుకోనన్న షరతు మీద బ్రిటిష్ రెసిడెన్సీ డాక్టరును రానిచ్చాడట. ఆ డాక్టరు తిండి నియమాలతోనే గుణం చూపించాడట. కథ ఎలా ఉన్నా, 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలు మొదలైన మాట చరిత్ర. రెసిడెన్సీ సర్జన్ విలియం క్యాంప్‌బెల్ మెక్లీన్ దాన్ని నడిపాడు. పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. శరీరాన్ని కోసి చూసి నేర్చుకునే కొత్త విద్యను ఈ దేశపు భాషలో చెప్పడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. చదువు ముగించినవాళ్లకు ఇచ్చిన బిరుదు 'హకీమ్'. దాంతో ఒకే బజారులో రెండు రకాల హకీములు కూర్చున్నారు, ఒకరు యునానీ నాడి పట్టేవారు, ఇంకొకరు కత్తి పట్టేవారు. ఇద్దరి పేరు ముందూ ఒకటే మాట ఉన్నప్పుడు జనం చూసింది ఏమిటి? సర్కారు దవాఖానలో కొలువుందా లేదా అన్నదే. మన గల్లీ పెద్దమ్మ ప్రశ్న అక్కడ పుట్టిందని నా నమ్మకం.

ఆ కొలువుకు ఇల్లు 1866లో దొరికింది. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరున మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ దవాఖాన తెరిచారు. మెడికల్ స్కూలు పిల్లలకు అదే బడి, అదే పరీక్ష. 1885లో ఎడ్వర్డ్ లారీ వచ్చి స్కూలు పగ్గాలు పట్టుకున్నాడు. రెసిడెన్సీ సర్జన్, స్కూలు ప్రిన్సిపాల్, అఫ్జల్‌గంజ్ దవాఖాన పెద్ద, మూడు హోదాలూ ఆయనవే. పదహారేళ్లు, 1901 దాకా, ఈ ఊరి వైద్యం మీద ఆయన ముద్ర ఉంది. ఆయన కాలంలోనే ఆడపిల్లలను స్కూల్లో చేర్చుకున్నారు.

లారీ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఎందుకంటే డాక్టరు అర్హత గురించి నాకు తెలిసిన పెద్ద పాఠం ఆయనలోనే ఉంది. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ దగ్గర నేర్చుకున్నాడు. ఆపరేషన్‌కు మత్తుమందుగా క్లోరోఫాం ఇచ్చేటప్పుడు రోగి ఊపిరిని చూడు, నాడి వంక చూడకు అన్నది గురువు మాట. శంకువు ఆకారపు టోపీ లోపల దూది పెట్టి, దాని మీద క్లోరోఫాం చుక్కలు పోసి, రోగి ముక్కూ నోరూ మీద ఆన్చి, ఛాతీ ఎలా లేస్తున్నదో కన్ను తిప్పకుండా చూడాలి. ఈ పద్ధతిలో వేలాది ఆపరేషన్లు చేశాడు, తన చేతుల్లో ఎవరూ చనిపోలేదని గర్వంగా చెప్పుకునేవాడు. క్లోరోఫాం నేరుగా గుండెను ఆపుతుందని లండన్ డాక్టర్లు వాదిస్తుంటే, కాదని తేల్చడానికి 1888లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ పెట్టించాడు. వాళ్లు నమ్మలేదు. 1889లో రెండో కమిషన్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇస్తే, లాన్సెట్ పత్రిక తన తరఫున లాడర్ బ్రంటన్‌ను సముద్రం దాటించి పంపింది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేశారు. మొదట ఆగేది ఊపిరే, గుండె తర్వాతనే అని కమిషన్ తీర్పు చెప్పింది. లాన్సెట్‌లో నివేదిక అచ్చయింది. మూసీ ఒడ్డు దవాఖాన పేరు లోకమంతా వినిపించింది.

ఆ తీర్పు తప్పని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. క్లోరోఫాం తక్కువ మోతాదులో ఉన్నప్పుడు కూడా గుండె ఉన్నట్టుండి లయ తప్పి, కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెట్టగలదని పిల్లుల మీద ప్రయోగాలతో నిరూపించాడు. మేం దాన్ని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటాం, వాడుకలో వీఎఫ్. మానిటర్ మీద ఆ పిచ్చిగీతలు కనబడితే మాకు మాటలకు వ్యవధి ఉండదు. ఒకరు ఛాతీ నొక్కుతుంటారు, ఒకరు షాక్ మిషన్ ఛార్జ్ చేస్తారు, "అందరూ దూరం" అని అరుస్తాం, బటన్ నొక్కుతాం. లేదని హైదరాబాద్ కమిషన్ తేల్చిన ఆ ప్రమాదానికి విరుగుడుగా, ఇవాళ ఏ క్యాజువాలిటీలో చూసినా గోడ పక్కన ఒక యంత్రం సిద్ధంగా ఉంటుంది. లారీ అబద్ధాలకోరు కాదు, పని రాని మనిషి అసలే కాదు. ఆయన అనుభవం ఆయనకు ఒక్క వైపే చూపించింది. ఎంత గొప్ప చెయ్యి అయినా బయటివాడి తనిఖీ ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. అనుభవం ఉంటే చాలు, పరీక్షలెందుకు అనే జూనియర్లకు నేను లారీ కథే చెబుతాను.

ఆయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ. పార్శీ అమ్మాయి. 1885లో స్కూల్లో చేరి, 1889లో హకీమ్ పట్టా అందుకుంది. క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరింది. ప్రపంచంలో మొదటి మహిళా ఎనస్థటిస్టుగా వైద్య చరిత్ర రాసేవాళ్లు చెప్పేది ఆమె పేరే. 1909లో ఎడిన్‌బరో వెళ్లింది. మత్తుమందు వైద్యానికి అక్కడ కూడా విడిగా చదువంటూ లేదు. మత్తు వాయువులను అర్థం చేసుకోవడానికి పనికొస్తుందని ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివి డిప్లొమా తీసుకుని తిరిగొచ్చింది. అఫ్జల్‌గంజ్‌లో, జనానా దవాఖానలో పనిచేసింది. 1920లో చాదర్‌ఘాట్ దవాఖాన సూపరింటెండెంటుగా రిటైరయింది. లండన్‌లో ఎనస్థీషియా డిప్లొమాకు మొట్టమొదటి పరీక్ష జరిగింది 1935లో. ఆమె బతుకంతా చేసిన పనికి ఒక పట్టా పుట్టేసరికి ఆమె పని మానేసి పదిహేనేళ్లయింది. మా ఊరివాళ్లకు ఈవిడ పేరు తెలియకపోవడం నాకు కష్టంగా ఉంటుంది. ఏ కూడలికీ, ఏ వార్డుకూ ఆమె పేరు పెట్టినట్టు నేను చూడలేదు.

నిజాం కొలువులో పైమెట్లు మాత్రం విలాయతి పట్టాలవి. మన తెలుగువారిలో ముత్యాల గోవిందరాజులు నాయుడు అలా వచ్చినవాడే. ఎడిన్‌బరోలో వైద్యం చదివి నిజాం సర్కారులో డాక్టరయ్యాడు. 1898లో మద్రాసులో సరోజినీ చట్టోపాధ్యాయను, అంటే తర్వాతి సరోజినీ నాయుడును, కులాంతర వివాహం చేసుకున్నప్పుడు దగ్గరుండి జరిపించినవాడు కందుకూరి వీరేశలింగం. ఆమె పేరు లోకానికంతా తెలుసు, ఆయన ఈ ఊరి రోగులకు తెలుసు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ దవాఖానను ఊడ్చేసింది. ఒక్కరోజులో దాదాపు పదిహేను వేల మంది పోయారని అంచనా. దవాఖాన తోటలోని చింతచెట్టు ఎక్కిన నూట యాభై మంది దాకా బతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఉస్మానియా ఆవరణలో ఇంకా ఉంది. ఏటా సెప్టెంబర్ 28న కొందరు దాని కింద చేరి ఆనాటి మృతులను తలుచుకుంటారు. హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు నైట్ డ్యూటీ దిగి దాని కింద టీ తాగినవాళ్లలో నేనూ ఒకణ్ని. వరద తర్వాత అదే ఒడ్డున ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కొత్త దవాఖాన కట్టించాడు, అదే ఉస్మానియా. నక్ష గీసింది విన్సెంట్ ఎష్. ఎదురొడ్డున హైకోర్టూ ఆయన గీసిందే. దవాఖాన 1925 నాటికి పూర్తయింది. ఎత్తయిన కప్పులు, గాలి ఆడే పొడుగాటి వార్డులు, పైన గుమ్మటాలు. మే నెలలో కూడా ఆ వార్డుల్లో రోగి చల్లగా నిద్రపోయేవాడు.

ఈలోగా స్కూలు కాలేజీ అయింది. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం నీడలోకి వెళ్లి ఎంబీబీఎస్ ఉర్దూలో చెప్పింది. అనువాదశాల దారుల్‌తర్జుమా వైద్య గ్రంథాలను కూడా ఉర్దూలోకి దించింది. పోలీస్ యాక్షన్ తర్వాత ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూలో చదివిన ఆ పాత డాక్టర్లలో ఒకరిద్దరు వృద్ధాప్యంలో మా వీధిలోనే దుకాణమంత క్లినిక్కుల్లో కూర్చునేవారు. తెలుగు రోగితో తెలుగులో, ముస్లిం రోగితో ఉర్దూలో మాట్లాడి, మందుచీటీ ఇంగ్లీషులో రాసేవారు. బోర్డు మీద పేరు కింద ఒకటే మాట ఉండేది: ఉస్మానియా.

ఇక నా వృత్తి సంగతి. ఇన్ని మార్పుల మధ్య దవాఖాన తలుపు దగ్గర మొదట రోగిని చూసే డాక్టరుకు మాత్రం విడిగా పేరు లేదు. క్యాజువాలిటీ ఉంది, దానికో శాస్త్రం ఉందని ఎవరూ అనుకోలేదు. గవర్నమెంటు కాగితాల్లో ఆయన సివిల్ అసిస్టెంట్ సర్జన్. సర్జరీ చేసినా చేయకపోయినా ఆ హోదానే. బల్ల మీద క్యాజువాలిటీ మెడికల్ ఆఫీసర్ అని చెక్క పలక. ఒకేసారి బస్సు కింద పడ్డవాడు, పాము కరిచినవాడు, పురుగుమందు తాగిన పిల్ల వస్తారు. ముగ్గురినీ ఆయనే చూడాలి. ఎముకలకు ఆర్థో వాళ్లను, తలకు న్యూరో వాళ్లను పిలుస్తాడు. వాళ్లు వచ్చేదాకా ఊపిరి నిలపడం ఆయన వంతు. ఆ పని ఎలా చేయాలో నాకు క్లాసులో చెప్పలేదు. జిల్లాల నుంచి పురుగుమందు కేసులు వస్తే సీనియర్ పీజీ పక్కన నిలబెట్టి, "పుస్తకం మూసెయ్. కంటిపాప చూడు, నాడి చూడు, స్టెత్ పెట్టి గురగుర విను. గురగుర పోయేదాకా అట్రోపిన్ రెట్టింపు చేస్తూ పో" అన్నాడు. ఇవాళ పుస్తకాల్లో ఉన్నదీ అదే. ఆయన అది పుస్తకాల్లోకి రాకముందే మంచాల పక్కన నేర్చుకున్నాడు.

క్యాజువాలిటీ డాక్టరు అర్హతను ఎవరైనా నిలదీసి అడిగే చోటు ఒకటుంది. అది కోర్టు. దెబ్బల కేసు, అంటే మెడికో లీగల్ కేసు, వస్తే ఎంఎల్‌సీ రిజిస్టరు తీస్తాం. రోగి పేరు, తండ్రి పేరు, తెచ్చినవారెవరు, ఎన్ని గంటలకు, ఎవరు ఎలా కొట్టారని చెబుతున్నాడు. తర్వాత ఒంటి మీద రెండు గుర్తులు: ఎడమ దవడ మీద పుట్టుమచ్చ, కుడి మోకాలి కింద పాత గాటు. ఒక్కో దెబ్బ పొడవు, వెడల్పు, కొత్తదా పాతదా, మామూలుదా తీవ్రమైనదా. రోగి వేలిముద్ర, డాక్టరు సంతకం. అర్ధరాత్రి రెండు గంటలకు, పక్క స్ట్రెచర్ మీద ఇంకొకడు మూలుగుతుండగా రాసే రాత అది. రెండు మూడేళ్లకు సమన్లు వస్తాయి. నాంపల్లి కోర్టు బోనులో నిలబడి మొట్టమొదట చెప్పాల్సింది గాయం గురించి కాదు, నా చదువు ఏమిటి, ఆ తేదీన నేను ఏ ఆసుపత్రిలో ఏ హోదాలో ఉన్నాను అని. ఆ రెండూ సరిగ్గా నిలిస్తేనే మిగతా మాటకు విలువ. ఒక మనిషికి శిక్ష పడేదీ విడుదలయ్యేదీ నా కాగితం మీద ఆధారపడొచ్చని తెలిసిన రోజు నుంచి నేను సంతకం కింద రిజిస్ట్రేషన్ నంబరు రాయడం ఎన్నడూ మరవలేదు.

మాకు జరిగిందే బయటి దేశాల్లోనూ జరిగింది. ఇంగ్లండులో క్యాజువాలిటీకి ప్రత్యేకంగా కన్సల్టెంటును వేసింది 1952లో, లీడ్స్‌లో, మారిస్ ఎల్లిస్‌ను. అమెరికాలో సిన్సినాటిలో 1970లో మొదటి శిక్షణ మొదలైతే, స్పెషాలిటీగా గుర్తింపు 1979లో దక్కింది. మన మెడికల్ కౌన్సిల్ ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ఒక స్పెషాలిటీగా ఒప్పుకున్నది 2009లో. అంతకు నాలుగేళ్ల ముందే, 2005 ఆగస్టు 15న, ఈ ఊళ్లోనే 108 అంబులెన్సు రోడ్డెక్కింది. రోగిని తెచ్చే బండికి ఒక పద్ధతి, శిక్షణ, నంబరు వచ్చేశాయి, దించుకునే డాక్టరుకు ఇంకా పట్టా లేదు. రూపాబాయి తర్వాత వందేళ్లకు అదే కథ మా తలుపు దగ్గర మళ్లీ జరిగింది. ఆ ఖాళీలో ప్రైవేటు ఆసుపత్రులు సొంతంగా కోర్సులు పెట్టాయి, కొన్ని విదేశీ విశ్వవిద్యాలయాల పేర్లతో నడిచాయి. వాటిలో నేర్చుకుని నిజంగా ప్రాణాలు నిలబెట్టిన డాక్టర్లు నాకు తెలుసు. వాళ్ల నైపుణ్యానికి నేను సాక్ష్యం చెబుతాను. అయినా ఎమర్జెన్సీ మెడిసిన్‌లో ఎండీ, డీఎన్‌బీ పట్టాలు వచ్చాక, గుర్తింపు ఉన్న చదువునీ లేనిదాన్నీ ఒకే గాటన కట్టకూడదు. రోగికి డాక్టరు నైపుణ్యం తెలుసుకునే వ్యవధి ఉండదు. తెలియని మనిషి చేతిలో ప్రాణం పెట్టేటప్పుడు, ఆ మనిషిని ఎవరో కఠినంగా పరీక్షించారన్న భరోసా అతనికి హక్కుగా ఉండాలి.

దవాఖాన పేరును నమ్ముకునే పాతబస్తీ అలవాటు ఒకప్పుడు సరిపోయింది. ఉస్మానియా డాక్టరంటే రోజూ ఉస్మానియాలో ఉండేవాడు. ఇప్పుడు సంగతి మారింది. శాలిబండలో ప్రిన్సెస్ ఎస్రా, కంచన్‌బాగ్‌లో ఒవైసీ, పురానీ హవేలీలో దుర్రు షెహవార్ పిల్లల ఆసుపత్రి ఉన్నాయి. గల్లీ గల్లీకీ నర్సింగ్ హోములు వచ్చాయి. ఒక్కో బోర్డు మీద పది పేర్లు, ఒక్కో పేరు నాలుగైదు బోర్డుల మీద. అలా నాలుగు చోట్ల సేవలందించడం తప్పేమీ కాదు. ప్రశ్న ఒక్కటే, రాత్రి రెండింటికి ఎమర్జెన్సీలో ఎవరుంటారు? మా బంధువొకరిని ఛాతీ నొప్పితో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. బోర్డు మీద పెద్ద పేర్లున్నాయి. లోపల ఉన్న కుర్రాడికి ఈసీజీ తీయడం వచ్చు, చదవడం రాదు. ఫోన్లు చేసి, ఫొటో పంపి, జవాబు వచ్చేసరికి ముప్పావు గంట పోయింది. గుండెపోటులో ముప్పావు గంట అంటే ఎంత కండరం చచ్చిపోతుందో ఆ ఇంటివాళ్లకు తర్వాత అర్థమైంది.

ఉస్మానియా పాత భవనంలోకి 2020 జూలైలో వాన నీళ్లు వచ్చి వార్డులు నిండాయి. ఆ నెలలోనే రోగులను తరలించి దాన్ని మూసేశారు. దగ్గర్లోని గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. కొత్త గోడల మధ్య ఎమర్జెన్సీ విభాగానికి ఆ చదువే చదివిన డాక్టర్లను, రాత్రీ పగలూ ఉండేవాళ్లను, సరిపడా వేయాలని ఆ దవాఖానలో పని నేర్చుకున్నవాడిగా కోరుతున్నాను.

చదివేవారికి ఒక మాట. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో కనబడేలా పెట్టాలని, మందుచీటీ మీద రాయాలని 2002 నుంచి నిబంధన ఉంది. ఆపద వచ్చిన రాత్రి ఇవన్నీ చూసే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని ఇంట్లో అందరూ బాగున్న రోజునే, మీ ఇంటికి దగ్గర్లో రాత్రంతా తెరిచి ఉండే ఆసుపత్రికి ఒకసారి వెళ్లండి. రాత్రి డ్యూటీ డాక్టరు ఎవరు, ఏం చదివారు, రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అని అడగండి. అడిగితే నేను నొచ్చుకోను. చదువుకుని వచ్చిన ఏ డాక్టరూ నొచ్చుకోడు.